బియ్యం సరే, కూర సంగతేంది?

ఏప్రిల్ 15 వచ్చిందంటే నెల్లూరు తీరంలో మోటారు పడవలు ఒడ్డెక్కుతాయి. జూన్ 14 దాకా 61 రోజులు వేట బంద్. చేపలు గుడ్లు పెట్టే కాలం కనుక ఆ నిషేధం అవసరమే. మరి ఆ రెండు నెలలు మత్స్యకారులు ఏం తినాలి?

రేషన్ బియ్యం ఉన్నాయి కదా అంటారు పాలకులు. నిజమే. 1983లో ఎన్టీఆర్ కిలో రెండు రూపాయలకు ఇచ్చిన బియ్యం 2011లో రూపాయికి దిగింది. 2023 జనవరి నుంచి ఆహార భద్రత కార్డులకు ఉచితమే అయింది. కానీ వేట లేని రోజుల్లో చౌకధరల దుకాణం ముందు నిలబడ్డ ఒక తల్లి మాతో అన్న మాట వినండి: "మా కూర సముద్రంలో ఉంటుంది. ఇప్పుడు దానికి తాళం వేశారు. బియ్యం ఉండాయి అబ్బయ్యా, దాంట్లోకి ఏం పోసుకోవాల?"

అసలు సమస్య ఇదే. మిగతా పది నెలలు వలలోంచి వచ్చే కూర, ఈ రెండు నెలలు కొట్లోంచి రావాలి. కొట్లో కందిపప్పు పావుకిలో, నూనె చిన్న ప్యాకెట్, చింతపండు పది రూపాయలకు. అదీ ఖాతా మీద. జీతం రాగానే టోకున సరుకులు తెచ్చుకునే ఉద్యోగ మిత్రులకు తగ్గింపు దొరుకుతుంది. పావుకిలో కొనేవాళ్లకు దొరకదు. అప్పు పెట్టినవాళ్లకు బేరమాడే నోరే ఉండదు. ఉన్నవాడికి చౌక, లేనివాడికి పిరం! ఇదెక్కడి న్యాయం?

దారి లేక కాదు. 2013 ఉగాదికి 'అమ్మహస్తం' పేరిట 185 రూపాయలకే తొమ్మిది సరుకులు ఇచ్చారు. పప్పు, పామాయిల్, చింతపండు, కారం, ఉప్పు, పసుపు, చక్కెర, గోధుమలు, గోధుమపిండి. నాణ్యత మీద ఫిర్యాదులు వచ్చాయి. అయితే బాగు చేయాల్సింది పోయి, రాష్ట్రం రెండయ్యాక ఆ సంచినే మాయం చేశారు. 2021లో ఆంధ్రప్రదేశ్‌లో ఇంటింటికీ బండ్లు తిప్పారు. 2025 జూన్‌లో బండ్లు ఆపి మళ్లీ దుకాణాలు తెరిచారు. సరుకు ఏ దారిన రావాలన్నదే గొడవ. సంచిలో ఏముందని అడిగినవారు తక్కువ.

2025లో వేట నిషేధ భృతిని 20 వేలు చేశారు. మంచిదే. కానీ వల అప్పు, ఇంజను అప్పు గుమ్మంలో కూర్చుంటే ఆ డబ్బు వంటింటిదాకా వస్తుందా?

మేం అడిగేది ఒక్కటే. ఏప్రిల్ 15కు ముందే రెండు నెలల పప్పు, నూనె, చింతపండు చౌకధరకు తీరం దుకాణాలకు చేర్చాలి. ఒడ్డున చేపలమ్మే ఆడవాళ్లకూ, కార్డు లేక వెనుదిరిగే యానాది కుటుంబాలకూ అందాలి.

1992లో ఈ జిల్లా దూబగుంటలోనే ఇంటి లెక్క తెలిసిన ఆడవాళ్లు సారాపై తిరగబడ్డారు. మరుసటి ఏడాది అక్టోబర్‌లో రాష్ట్రమంతటా సారా నిషేధించక తప్పలేదు. ఇప్పుడు తీరంలో తల్లులు చెబుతున్నదీ ఇంటి లెక్కే. సర్కారు ముందుగానే వింటే మంచిది.