బూస్ట్ గేజ్ చూపించేదంతా బూస్టేనా?

2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి దిగింది. అంతకుముందు 28 శాతం పన్ను, దాని మీద సెస్ ఉండేవి. పెట్రోల్ కారుకి 'చిన్న' అనే ముద్ర పడాలంటే రెండు షరతులు: పొడవు 4 మీటర్లు దాటకూడదు, ఇంజిన్ 1200 సీసీ దాటకూడదు. దాటితే 40 శాతం. ఈ గీత లోపలే ఉంటూ ఎక్కువ పవర్ ఇవ్వాలంటే కంపెనీలకు ఉన్న దగ్గరి దారి టర్బో. నెక్సాన్‌లో 1.2 లీటర్ టర్బో, వెన్యూ, ఫ్రాంక్స్‌లలో 1 లీటర్ టర్బో, మన పెనుకొండ ప్లాంట్‌లో తయారయ్యే కియా సోనెట్‌లోనూ 1 లీటర్ టర్బో. పదేళ్ల క్రితం పెట్రోల్ కారులో టర్బో అంటే విశేషం. ఇప్పుడది ఫ్యామిలీ కారు.

దాని వెనకాలే ఓ యాక్సెసరీల మార్కెట్ కూడా పెరిగింది. డ్యాష్‌బోర్డ్ పక్కన బిగించే 52 మిల్లీమీటర్ల గుండ్రటి బూస్ట్ గేజ్ అందులో ఒకటి. టర్బో ఎంత గాలి నొక్కుతోందో పీఎస్ఐల్లోనో బార్‌లలోనో చూపిస్తుంది. ఆన్‌లైన్‌లో వందల రూపాయల నుంచి వేలదాకా దొరుకుతాయి. చూడ్డానికి బాగుంటాయి, రాత్రిపూట ఇంకా బాగుంటాయి. చూపించే అంకె మాత్రం ఎంత నిజం?

మీలో చాలామందికి ఇంకా సొంత కారే లేదని నాకు తెలుసు. అయినా ఈ గేజ్ సంగతి మీకెందుకంటే, ఇంటర్వ్యూలో ఓ సీనియర్ ఇంజినీర్ మీ ఫైనలియర్ ప్రాజెక్ట్ చూసి అడిగే ప్రశ్నకి, ఈ గేజ్ అడిగే ప్రశ్నకి తేడా లేదు. "ఈ రీడింగ్ కరెక్టని మీకెలా తెలుసు?"

ముందు సున్నా ఎక్కడుందో చూద్దాం

ఒత్తిడిని రెండు రకాలుగా కొలుస్తారు. పూర్తి శూన్యాన్ని సున్నాగా పెట్టుకుంటే అబ్సల్యూట్ ప్రెజర్. చుట్టూ ఉన్న గాలినే సున్నాగా పెట్టుకుంటే గేజ్ ప్రెజర్. డయల్ మీద కనిపించే బూస్ట్ రెండో రకం. కారులో ఈసీయూ చూసేది మొదటి రకం. సగం గొడవ ఇక్కడే మొదలవుతుంది.

ఓ ఉదాహరణ. మీ కారు ఈసీయూ ఫుల్ థ్రాటిల్‌లో మానిఫోల్డ్ దగ్గర 200 కిలోపాస్కల్స్ అబ్సల్యూట్ ఒత్తిడిని పట్టి ఉంచుతోందనుకోండి. వైజాగ్ బీచ్ రోడ్డులో బయటి గాలి ఒత్తిడి సుమారు 101. తీసేస్తే 99 కిలోపాస్కల్స్, అంటే 14.4 పీఎస్ఐ. అదే కారు హైదరాబాద్ వచ్చింది. ఇక్కడ ఎత్తు సుమారు 540 మీటర్లు, గాలి ఒత్తిడి దాదాపు 95. ఇప్పుడు బూస్ట్ 105, అంటే 15.2 పీఎస్ఐ. అరకు దాదాపు 900 మీటర్లు, అక్కడ గాలి 91 దగ్గర ఉంటుంది. బూస్ట్ 15.8 పీఎస్ఐ. మూడు చోట్లా మానిఫోల్డ్‌లో ఒత్తిడి ఒక్కటే. డయల్ మీద ముల్లు మాత్రం మూడు చోట్ల ఆగింది. ముల్లు అబద్ధం చెప్పలేదు, దాని పని అది చేసింది.

ఇప్పుడు ఫోన్‌లో యాప్ పెట్టుకున్నవాళ్ల సంగతి. కొన్ని యాప్‌లు, కొన్ని చవక డిజిటల్ గేజ్‌లు బయటి గాలి ఎప్పుడూ 101.3 అనే లెక్కతో దాన్ని తీసేస్తాయి. అవి మూడు ఊళ్లలోనూ ఒకే అంకె చూపిస్తాయి. స్థిరంగా ఉంది కాబట్టి కరెక్టని నమ్మేస్తాం. కానీ హైదరాబాద్‌లో ఇంజిన్ ఆపి ఇగ్నిషన్ మాత్రం ఆన్ చేసి చూడండి. సున్నా చూపించాల్సింది మైనస్ 0.9 పీఎస్ఐ చూపిస్తుంది. లేహ్ వెళ్తే, 3500 మీటర్ల ఎత్తులో ఆ తేడా 5 పీఎస్ఐ. తమాషా ఏమిటంటే, పాత పద్ధతి మెకానికల్ గేజ్‌కి ఈ జబ్బు లేదు. అందులో ఉండేది వంపు తిరిగిన సన్నని లోహపు గొట్టం. 1849లో ఫ్రాన్స్‌కి చెందిన బోర్డన్ పేటెంట్ తీసుకున్న ఐడియా. లోపల ఒత్తిడి పెరిగితే గొట్టం కాస్త విప్పారుతుంది, ముల్లు కదులుతుంది. గొట్టం బయట ఉండేది ఆ ఊరి గాలే కాబట్టి ఎత్తు లెక్క దానంతట అదే సరిపోతుంది.

ఇది పేపర్ మీద లెక్క కాదు. నా పాత రూమ్మేట్ ఒకడు వైజాగ్‌లో మెకానికల్ గేజ్ పెట్టించుకుని, ఉద్యోగం వచ్చి హైదరాబాద్‌కి మారాడు. ముల్లు ఒక గీత పైకి పోతోందని ఓ వర్క్‌షాప్‌కి తీసుకెళ్తే "ఓవర్ బూస్ట్ అన్నా, వేస్ట్‌గేట్ యాక్చుయేటర్ మార్చాల్సిందే" అన్నారట. స్కానర్ పెట్టి మానిఫోల్డ్ అబ్సల్యూట్ ప్రెజర్ చూస్తే, వైజాగ్‌లో ఎంతో ఇక్కడా అంతే. యాక్చుయేటర్‌కి ఏ రోగమూ లేదు. పార్ట్ ఖర్చు, లేబర్ ఖర్చు కలిపి ఎంతయ్యేదో మీరే ఊహించుకోండి.

రెండు దశాంశాలు చూసి మోసపోకండి

ఎలక్ట్రానిక్ గేజ్‌లో సెన్సర్ వేరే ఉంటుంది, డిస్‌ప్లే వేరే ఉంటుంది. మధ్యలో వైరు. మామూలుగా వాడే సెన్సర్ 5 వోల్టుల సప్లైతో పనిచేసి, ఒత్తిడిని బట్టి 0.5 నుంచి 4.5 వోల్టులు పంపుతుంది. రేంజ్ 0 నుంచి 300 కిలోపాస్కల్స్ అయితే, ఒక్కో వోల్టుకి 75 కిలోపాస్కల్స్. ఈ 75 అనే అంకె గుర్తుపెట్టుకోండి, మిగతా కథంతా దాని మీదే.

మొదటిది, సెన్సర్ తప్పు. డేటాషీట్‌లో 'ప్లస్ ఆర్ మైనస్ 1 శాతం' అని ఉంటే చాలామంది రీడింగ్‌లో 1 శాతం అనుకుంటారు. అది తరచూ ఫుల్ స్కేల్‌లో 1 శాతం. అంటే 3 కిలోపాస్కల్స్, ఎక్కడ కొలిచినా సరే. బూస్ట్ 50 కిలోపాస్కల్స్ ఉన్నప్పుడు అదే తప్పు 6 శాతం అయి కూర్చుంటుంది.

రెండోది, సప్లై. ఈ సెన్సర్లు ఇచ్చే వోల్టేజ్ వాటికి అందే సప్లైకి నిష్పత్తిలో ఉంటుంది. 5 బదులు 4.9 వోల్టులు అందితే, 3 వోల్టులు రావాల్సిన చోట 2.94 వస్తుంది. డిస్‌ప్లే తన సొంత 5 వోల్టులతో పోల్చుకుంటే తేడా 0.06 వోల్టు, 75తో గుణిస్తే 4.5 కిలోపాస్కల్స్. మూడోది, ఎర్త్ కనెక్షన్. గేజ్ ఎర్త్ వైర్‌ని దొరికిన బోల్ట్‌కి చుట్టేస్తారు. హెడ్‌లైట్లు, ఏసీ బ్లోయర్ ఆన్ చేసినప్పుడు ఆ దారిలో 50 మిల్లీవోల్టుల తేడా వచ్చినా చాలు, 3.75 కిలోపాస్కల్స్ గల్లంతు. లైట్లు వేస్తే బూస్ట్ మారిందంటే టర్బోని తిట్టకండి, బోల్ట్ దగ్గర పెయింట్ గీకారో లేదో చూడండి.

మూడూ ఒకేవైపు పడితే 11 కిలోపాస్కల్స్ పైనే, అంటే 1.6 పీఎస్ఐ. ఒకదానికొకటి సంబంధం లేని తప్పులు కాబట్టి వర్గాలు కూడి వర్గమూలం తీస్తే సుమారు 6.6 కిలోపాస్కల్స్, దాదాపు 1 పీఎస్ఐ. అలాంటి గేజ్ స్క్రీన్ మీద 14.37 అని వెలుగుతుంటే చివరి రెండు అంకెలు డెకరేషన్. స్క్రీన్ ఎంత చిన్న తేడాని చూపించగలదు అనేది రిజల్యూషన్, అది నిజానికి ఎంత దగ్గర అనేది యాక్యురసీ. రెండూ ఒకటేనని రాసిన ప్రాజెక్ట్ రిపోర్టులు ఎన్ని చూశానో లెక్కలేదు.

గేజ్ మంచిదే, గొట్టం ఎక్కడ పెట్టారు?

థ్రాటిల్‌కి ముందు పైపులో కొలిస్తే ఒక అంకె, థ్రాటిల్ దాటాక మానిఫోల్డ్‌లో కొలిస్తే ఇంకో అంకె. ఇంటర్‌కూలర్‌కి ముందు అయితే మరొకటి, ఎందుకంటే దాన్ని దాటడంలో కొంత ఒత్తిడి తగ్గుతుంది. ఇవేవీ గేజ్ తప్పులు కావు, మూడూ వేర్వేరు కొలతలు. కొందరు బ్రేక్ బూస్టర్‌కి వెళ్లే గొట్టాన్ని కోసి టీ జాయింట్ పెడతారు. ఆ లైన్‌లో ఉండే చెక్ వాల్వ్‌కి బూస్టర్ వైపు పెడితే ముల్లు వాక్యూమ్ మాత్రమే చూపిస్తుంది, బూస్ట్ జన్మలో చూపించదు. పైగా అది బ్రేకుల లైను. సరదా కోసం దాన్ని కోయడం నాకు అస్సలు నచ్చదు.

వైర్లు, గొట్టాలు ఎందుకని ఓబీడీ పోర్ట్‌లో ఈఎల్ఎం327 తరహా బ్లూటూత్ డాంగిల్ పెట్టుకోవచ్చు. కంపెనీ బిగించిన సెన్సర్ రీడింగే వస్తుంది కాబట్టి, మార్పులేమీ చేయని కారుకి నా ఓటు దీనికే. కాకపోతే రెండు పరిమితులున్నాయి. మానిఫోల్డ్ ప్రెజర్‌కి మామూలుగా వాడే ఓబీడీ కోడ్ 0బి. అది పంపేది ఒకే ఒక్క బైట్. అంటే 0 నుంచి 255 కిలోపాస్కల్స్ దాకా, ఒక్కో మెట్టు 1 కిలోపాస్కల్. సముద్రమట్టం దగ్గర బూస్ట్ 154 కిలోపాస్కల్స్, సుమారు 22 పీఎస్ఐ దాటితే ఆ కోడ్‌లో అంకె 255 దగ్గరే ఆగిపోతుంది. మామూలు ఫ్యామిలీ కారుకి ఇది అడ్డు కాదు, భారీగా ట్యూన్ చేసినవాటికి అడ్డే. రెండోది వేగం. యాప్‌లో ఒకేసారి ఆరేడు అంకెలు పెట్టుకుంటే ఒక్కోదాని వంతు ఆలస్యంగా వస్తుంది. ఈలోపు బూస్ట్ ఒక్కసారి ఎగిసి దిగిపోతే మీకు కనిపించదు. 33 నంబర్ కోడ్‌ని మీ కారు సపోర్ట్ చేస్తే బయటి గాలి ఒత్తిడి కూడా వస్తుంది. 101.3 బదులు దాన్ని తీసేయండి, లేహ్‌లో కూడా లెక్క కుదురుతుంది.

చూసుకుని మురిసిపోవడానికైతే 1 పీఎస్ఐ తేడాతో కొంపలేమీ మునగవు. ప్రమాదమంతా ఆ అంకెని నమ్మి రీమ్యాప్ చేయించినప్పుడే. గేజ్ 15 అంటుంటే నిజంగా 17 వెళ్తోందంటే, ఇంజిన్ నాకింగ్ అంచుకి చేరుతుంది. పిస్టన్ దెబ్బతింటే, రీమ్యాప్ చేసిన కారుకి వారంటీ వస్తుందని ఆశపెట్టుకోకండి.

ఈ పని చేసేవాళ్లకి జీతాలిస్తారు

కార్ల కంపెనీల్లో ఇంజిన్ క్యాలిబ్రేషన్ అనే విభాగం ఉంటుంది. ఈటాస్ ఇన్కా, వెక్టర్ కేనేప్ లాంటి టూల్స్‌తో ఈసీయూ లోపలి విలువలు చూస్తూ, మారుస్తూ, ఎండల్లో, చలిలో, కొండల మీద కారుని పరీక్షిస్తారు. కంపెనీలు టెస్ట్ కార్లని కొండలెక్కించేది ఇందుకే. పుణెలో ఏఆర్ఏఐ, మానేసర్‌లో ఐక్యాట్, చెన్నై దగ్గర జీఏఆర్‌సీ వాహనాల పరీక్ష కేంద్రాలు. హైదరాబాద్‌లో హ్యుందాయ్, జెడ్‌ఎఫ్ ఇంజినీరింగ్ సెంటర్లున్నాయి. ఆటోమొబైలే కావాలని లేదు. ఫార్మా కంపెనీల్లో ప్రతి ప్రెజర్ గేజ్‌కి, థర్మామీటర్‌కి క్యాలిబ్రేషన్ గడువు తేదీ ఉంటుంది. ఐఎస్ఓ 17025 ప్రకారం ఎన్ఏబీఎల్ గుర్తింపు పొందిన ల్యాబులు ఆ పని చేస్తాయి. మెకానికల్, ఈఐఈ, ఈసీఈ వాళ్లు ఈ వైపు తక్కువగా చూస్తారు. కోడింగ్ టెస్ట్ కోసం ఆరు నెలలు కష్టపడేవాళ్లు, ఎన్ఏబీఎల్ వెబ్‌సైట్‌లో తమ జిల్లాలో ఎన్ని ల్యాబులున్నాయో ఒక్కసారీ వెతకరు.

కాలేజీలోనే మొదలుపెట్టొచ్చు. ప్రెజర్ గేజ్ క్యాలిబ్రేషన్ అనే ప్రయోగం ఇన్‌స్ట్రుమెంటేషన్ ల్యాబుల్లో ఎప్పటి నుంచో ఉంది, రికార్డులో సీనియర్ల రీడింగులు ఎక్కించి సంతకం చేయించుకునే ప్రయోగాల్లో అదీ ఒకటి. ఈసారి నిజంగా చేయండి. ల్యాబ్‌లో ఉండే డెడ్ వెయిట్ టెస్టర్ రేంజ్ పెద్దది కావొచ్చు. 0 నుంచి 2 బార్‌కి చేతి పంపు, టీ జాయింట్, చెల్లుబాటయ్యే సర్టిఫికెట్ ఉన్న రిఫరెన్స్ గేజ్ చాలు. రిఫరెన్స్ మీ గేజ్ కన్నా కనీసం నాలుగు రెట్లు కచ్చితంగా ఉండేలా చూసుకోండి. 0.2 బార్‌కి ఒకటి చొప్పున పైకి వెళ్తూ రీడింగులు రాయండి, తర్వాత కిందికి దిగుతూ మళ్లీ రాయండి. రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి పడవు. ఆ ఖాళీ పేరు హిస్టెరిసిస్. మర్నాడు ఇంకోసారి, గది ఉష్ణోగ్రత, ఆ రోజు గాలి ఒత్తిడి కూడా రాసి చేయండి. వచ్చిన గ్రాఫ్‌ని రెజ్యూమెలో ప్రాజెక్ట్ కింద పెట్టండి, గేజ్ ఖరీదు, దాని తప్పు ఎంతో పక్కపక్కనే రాసి.