ఆదివారమునకు మన పూర్వులు చెల్లించిన మూల్యము

న్యూజెర్సీలో చలికాలపు ఆదివారము రాత్రి ఎనిమిదిన్నర గంటలగునప్పటికి హైదరాబాదులో సోమవారము ఉదయ మేడు గంటలగును. ఈ గడియారపు లెక్కయే నేడు అమెరికాలోని అనేక తెలుగు క్రైస్తవ కుటుంబముల విశ్రాంతిదినమును నడిమికి ఖండించుచున్నది. ఆరాధనకు పోవుటలో మనవారియందు లోపమేమియు లేదు. పిల్లలను సండేస్కూలున దింపి, ఆంధ్ర క్రైస్తవ కీర్తనలను కంఠమెత్తి పాడి, ప్రభు సంస్కారమందు పాలుగొని, ప్రేమవిందు ముగించుకొని యిల్లు చేరుచునేయున్నారు. కాని ఆ రాత్రి హైదరాబాదు జట్టుతో జరుపవలసిన మీటింగు ఉదయమునుండియే మనస్సులో తిష్ఠవేసికొని యుండును. ప్రసంగము నడుచుచుండగా కీర్తనల పుస్తకముపై బోర్లించిన ఫోను వణకును; చేయి దానిమీదికి పోవును, ఆగును, మరల పోవును; తుదకు ఆ మనుష్యుడు వంగి వంగి వరుసలు దాటి కారిడారులోనికి నడచును. భార్య తల త్రిప్పి చూడదు. ఆమెకిది అలవాటైపోయినది.

ఉన్నచోట మనస్సు లేకపోవుట యను ఈ వ్యాధికి అమెరికాలో మందులు కొల్లలు. ఉచ్ఛ్వాస నిశ్వాసములను లెక్కింప నేర్పు యాపులున్నవి. కంపెనీలే తమ యుద్యోగులకు ధ్యానపు తరగతులు పెట్టుచున్నవి. వానివలన ఉపశమనము పొందువారిని నేను తప్పుపట్టను. అయినను, అలసిన మనుష్యుని మరల పనికి సిద్ధము చేయుటయే వానిలో పెక్కింటి లక్ష్యము. క్రైస్తవ విశ్వాసము చెప్పు విశ్రాంతి యట్టిది కాదు. ఆదికాండము ప్రకారము ఆరవ దినమున సృజింపబడిన మానవునికి మరునాడే, అనగా ఏ సేద్యమును చేయకమునుపే, విశ్రాంతిదినము ప్రాప్తించినది. అది పనిచేసి సంపాదించుకొన్న సెలవు కాదు, పనికి ముందుగనే దేవుడొసగిన దానము. కనుక మనస్సు నిలుచుటకు అభ్యాసమొక్కటియే చాలదనియు, నిలుచుటకు మనకు హక్కుగల దినమొకటి ఉండవలెననియు, ఆ దినమును కాపాడుకొనుటయే మన జీవితములు తిరిగి సమతూకమునకు వచ్చు మార్గమనియు నా దృఢవిశ్వాసము.

ఈ హక్కు తెలుగువారికి చౌకగా లభింపలేదు. 1866లో ఒంగోలున కాపురము పెట్టిన అమెరికను బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌ దొరయొద్దకు యర్రగుంట్ల పేరయ్య వంటి వారి సాక్ష్యమువలన మాదిగపల్లెలు కదలివచ్చినప్పుడు, విశ్వాసులైనవారికి ఏర్పడిన నియమములలో మూడు ముఖ్యమైనవి: ఆదివారమున పనిచేయరాదు, చచ్చిన పశువు మాంసము తినరాదు, విగ్రహములకు మ్రొక్కరాదు. వీనిలో మొదటిది వినుటకు ఎంత సాధువుగా నున్నదో ఆచరణయందంత కఠినమైనది. చెప్పులు కుట్టుట, మోటలకు తోలు సాగదీయుట, కోతలకు పోవుట, బరువులు మోయుట, జాతరలకు డప్పు కొట్టుట—వీనిలో ఏ పనికైనను ఊరివారు పిలిచిన తక్షణమే పోవలయునే గాని, ఏడు దినములలో ఒక దినము తనదని మాదిగవాడు చెప్పుట గ్రామపు కట్టుబాటులో ఎన్నడును వినని మాట. అట్లు చెప్పినందుకు దెబ్బలు తినిరి. నీళ్లకు పోకుండ అడ్డగింపబడిరి. కూలి గింజలు పోగొట్టుకొనిరి. క్లౌ స్వయముగా చెప్పగా ఆయన భార్య ఎమ్మా గ్రంథస్థము చేసి, ఆయన మరణానంతరము 1914లో వెలువరించిన జీవితచరిత్రలో ఈ యాదివారపు పెనుగులాట స్పష్టముగా కానవచ్చును. 1878 జూలై 3న గుండ్లకమ్మ యొడ్డున వెలంపల్లి యొద్ద ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిన సంగతిని మనము గర్వముతో చెప్పుకొందుము. వారిలో ఎందరు ఆ మీదట ఏటికి యాబదిరెండు మారులు ఊరి పెద్దల యెదుట నిలిచి ‘నేడు రాను’ అని చెప్పవలసి వచ్చెనో తలపము.

చదువురాని యా విశ్వాసులు విశ్రాంతిదినపు ఆజ్ఞను మనకంటె లోతుగా గ్రహించిరని నాకు తోచును. నిర్గమకాండము ఈ యాజ్ఞకు సృష్టిని కారణముగా చూపగా, ద్వితీయోపదేశకాండము ఐగుప్తులోని దాస్యమును కారణముగా చూపుచున్నది. ఇటుకలు చేయుటయందు విశ్రాంతిదినమన్నది ఎరుగక మ్రగ్గిన జనులకు ఇయ్యబడిన దినమది. అందు యజమానునితో సమానముగ దాసుడును దాసియు, ఎద్దును గాడిదయు, ఇంట నున్న పరదేశియు విశ్రమింపవలెను. అది ఒంటరిగా కన్నులు మూసికొని అనుభవించు శాంతి కాదు. ఎదుటివాని కాయము సయితము అలసటదీర్చుకొనినప్పుడే పూర్తియగు శాంతి.

ఈ కోణమునుండి చూడగా, పెన్సిల్వేనియాలో తపాలాయుద్యోగియైన జెరాల్డ్ గ్రాఫ్ వ్యాజ్యము మన సంఘములలో ఇంకను చర్చింపదగినది. 2013లో అమెరికా తపాలాశాఖ అమెజాను సంస్థతో ఒడంబడిక చేసికొని ఆదివారము పార్సెళ్లు పంచుటకు పూనుకొనగా, ఆ దినము దేవునిదని నమ్మిన గ్రాఫ్ ఆ పనికి ఒల్లక, శిక్షలకు గురియై, 2019లో ఉద్యోగమును వదలుకొనెను. 2023 జూన్ 29న సుప్రీముకోర్టు న్యాయమూర్తులందరును ఏకాభిప్రాయముతో, ఉద్యోగి మతాచరణకు చోటియ్య నిరాకరింపదలచిన యజమాని తన వ్యాపారమునకు గణనీయమైన భారము కలుగునని చూపవలెనని నిర్ణయించి, వ్యాజ్యమును క్రింది కోర్టునకు తిరిగి పంపిరి. గ్రాఫ్ వలన తక్కిన తపాలావారిమీద భారము పడినదని వాదించినవారు లేకపోలేదు. ఆ వాదమున బలమును కలదు. కాని ఆదివారపు పార్సెలు ఎవరి కొరకు వచ్చుచున్నది? చర్చి పార్కింగులో కారునందు కూర్చుండియే సాయంకాలమునకు చేరవలసిన వస్తువును ఆర్డరు చేయు మన కొరకే కదా. మన తెలుగువారనేకులు కాపురముండు న్యూజెర్సీలోనే బెర్గెన్ కౌంటీలో బట్టల దుకాణములును, సామానుల దుకాణములును నేటికిని చట్టప్రకారము ఆదివారము మూయబడియుండును. కిరాణా మాత్రము దొరకును. ఆ కౌంటీవారు ఆకలితో మాడుట లేదు.

ఇంటిలోనున్న దాస్యము మరియొకటి. ప్రేమవిందునకు ఏబదిమందికి సరిపడు బిర్యానీ శనివారము రాత్రి పదునొకండు గంటలకు ఎవరు దమ్ము వేయుచున్నారు? ఉల్లిపాయలు కోసి కోసి కన్నులు మండిన ఆ యక్క మరునాడు ఆరాధనలో కూర్చున్నను ఆమె చెవి వంటగదిలోని హాట్‌కేసుల మీదనే యుండును. మార్త వంటపనిలో తొందరపడుచుండగా ఆమెను నెమ్మదిపరచిన ప్రభువు వద్దకు మన స్త్రీలను రానీయకుండుట మనమే చేయుచున్న పని. నెలకొక్కమారైనను పెరుగన్నము, ఆవకాయ, ఇన్ని అరటిపండ్లతో విందు ముగించిన సంఘమునకు ఏ కొదువయు రాదు. పురుషులు గిన్నెలు తోమిన మరియు మంచిది.

‘ఇట్లు చెప్పుట సులభము, హెచ్-1బి వీసా మీద నున్నవాని భయము నీకేమి తెలియును’ అను ప్రశ్న న్యాయమైనది. ఉద్యోగము పోయినచో అరువది దినములలో మరియొకటి వెదకుకొనవలెను, లేదా మార్గాంతరము చూచుకొనవలెను. అట్టివానిని వీరత్వము చూపుమనుట నాకు సమ్మతము కాదు. ఆదివారము ఆసుపత్రిలో డ్యూటీ చేయు నర్సమ్మను తప్పుపట్టు నోరును నాకు లేదు. విశ్రాంతిదినముననే రోగులను స్వస్థపరచిన వాని శిష్యులము మనము. నేను కోరునది గ్రీనుకార్డో పౌరసత్వమో చేతికి వచ్చినవారిని. జట్టులో వీసామీద నున్న తమ్మునికి బదులుగా ఆ రాత్రి మీటింగును తానెత్తుకొనుట, లేదా ఆ మీటింగు అవసరమే లేదని మేనేజరుతో తానే చెప్పుట, వారికి సాధ్యము. ఒంగోలు పల్లెలలోని నిరుపేదలు దెబ్బలకోర్చి చెప్పిన మాటను, ఆ మిషనరీని పంపిన దేశముననే స్థిరపడిన వారి సంతతి ఒక ఇమెయిలులో చెప్పలేకపోవుట నాకు మిక్కిలి బాధాకరముగా నున్నది.

హైదరాబాదు జట్టును గూర్చియు ఒక మాట. చలికాలమున ఇచ్చట శుక్రవారము మధ్యాహ్నము మూడు గంటలకు మనము పంపు ‘అర్జెంటు’ సందేశము అచ్చట శనివారము తెల్లవారుజామున ఒకటిన్నరకు చేరును. దానిని చూచి లేచు యువతి హిందువు కావచ్చును, ముస్లిము కావచ్చును. ఆజ్ఞ పరదేశిని సయితము పేర్కొన్నది గనుక ఆమె నిద్ర మన విశ్వాసమునకు సంబంధించిన విషయమే. ఆ సందేశమును సోమవారమునకు ఆపుటకును, ఆదివారము రాత్రి మీటింగును సోమవారము రాత్రికి జరుపుటకును అధికారము గల టీముల పెద్దలు మన సంఘములలో ఎందరో కలరు. కేలండరు తెరచి ఈ వారముననే ఆ మార్పు చేయవచ్చును.