చేసుకున్నవాడికి చేసుకున్నంతేనా?

డ్రగ్స్ తీసుకుని ఎవరో చనిపోయారన్న వార్త తెలిస్తే మనవాళ్ల నోట రెండు రకాల మాటలు వినిపిస్తాయి. పోయినవాడు ముక్కూ మొహం తెలియనివాడైతే ‘చేసుకున్నవాడికి చేసుకున్నంత మహదేవ’ అంటారు. తెలిసినవాళ్ల పిల్లవాడైతే ‘పాపం, బుద్ధిమంతుడు, సావాసాలే చెడగొట్టాయి’ అంటారు. మింగిన మాత్ర ఒకటే అయినా తీర్పులు రెండు. జాలి చూపించేవాళ్లు బాధ్యత మాట ఎత్తరు. బాధ్యత గురించి ఉపన్యసించేవాళ్లకి జాలి గుర్తుకు రాదు. నా ఉద్దేశంలో రెండూ అవసరమే. ఏది ఎప్పుడు, ఎవరి విషయంలో అన్నదే అసలు ప్రశ్న.

మనం ఉంటున్న అమెరికా కూడా ఈ విషయంలో మనకంటే మెరుగ్గా ఏమీ ప్రవర్తించలేదు. 1986 జూన్‌లో లెన్ బయస్ అనే మేరీలాండ్ యూనివర్సిటీ బాస్కెట్‌బాల్ ఆటగాడు కొకైన్ తీసుకుని చనిపోయాడు. బోస్టన్ సెల్టిక్స్ జట్టు అతన్ని ఎంచుకుని అప్పటికి రెండు రోజులే అయింది. దేశమంతా గగ్గోలు పుట్టింది. అక్టోబరుకల్లా కొత్త చట్టం వచ్చేసింది. 5 గ్రాముల క్రాక్ అమ్మినా, 500 గ్రాముల పొడి కొకైన్ అమ్మినా కనీసం ఐదేళ్ల జైలు అన్నది అందులో ఒక నిబంధన. క్రాక్ తయారయ్యేది ఆ పొడి నుంచే. తేడా అల్లా, క్రాక్ పేద నల్లవారి పేటల్లో చవగ్గా దొరికేది, పొడి డబ్బున్నవాళ్ల పార్టీల్లో తిరిగేది. క్రాక్ కేసుల్లో ఫెడరల్ జైళ్లకు వెళ్లినవారిలో అత్యధికులు నల్లవారే. నూటికి ఒకటిగా ఉన్న ఆ నిష్పత్తిని 2010లో గానీ పద్దెనిమిదికి ఒకటిగా మార్చలేదు.

ఈలోగా 1996లో పర్డ్యూ ఫార్మా కంపెనీ ఆక్సీకాంటిన్ మాత్రల్ని మార్కెట్లోకి తెచ్చింది. తెల్లవారి చిన్న ఊళ్లు, పల్లెలు నొప్పి మాత్రలకు బానిసలయ్యాయి. అప్పుడు నాయకుల భాష మారింది. నిన్నటిదాకా నేరం అన్నది జబ్బు అయింది. ఆ మార్పు మంచిదే, కాదనను. కానీ ముప్ఫై ఏళ్ల క్రితం నల్లవారి పిల్లలకు దక్కని జాలి అది. ఇక బాధ్యత సంగతి చూడండి. పర్డ్యూ కంపెనీ 2007లోనూ, 2020లోనూ కోర్టులో నేరం ఒప్పుకుంది. 2007లో నేరం ఒప్పుకున్న ముగ్గురు పెద్ద అధికారులు జైలు మొహం చూడకుండా ప్రొబేషన్‌తో బయటపడ్డారు. వీధిలో కొన్ని గ్రాములు అమ్మినవాడికి మాత్రం ఐదేళ్లు!

బాధ్యత అడగడం అంటే ఏమిటో మన నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లకి బాగా తెలుసు. 1992లో వాళ్లు తాగి వచ్చే మొగుళ్లని నిలదీసి ఊరుకోలేదు. సారా దుకాణాల మీదికి వెళ్లారు, వేలంపాటల్ని అడ్డుకున్నారు, ఆ ఆదాయం మీద బతికే ప్రభుత్వాన్ని అడిగారు. 1993లో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. తాగేవాడు, అమ్మేవాడు, లాభం తినేవాడు, ఎవరి వాటా లెక్క వాళ్లది.

ఈ లెక్కని ఇప్పటి పరిస్థితికి అన్వయించి చూద్దాం. ప్రాణం మీదికి వచ్చినప్పుడు జాలికి షరతులు ఉండకూడదు. ఈ రోజు క్యాంపస్‌లో చేతులు మారే మాత్ర ఆడరాల్ అనో జానాక్స్ అనో చెప్పి ఇస్తారు. అందులో ఫెంటనిల్ ఉండొచ్చు. రెండు మిల్లీగ్రాములు చాలు ప్రాణం తీయడానికి, అంటే కొన్ని ఉప్పురవ్వలంత. పరీక్ష ముందు నిద్ర ఆపుకోవడానికి ఒక మాత్ర వేసుకున్న కుర్రాడు తప్పు చేశాడు, నిజమే. ఆ తప్పుకి మరణశిక్షా? 2022లో ఈ దేశంలో ఓవర్‌డోస్ వల్ల సుమారు 1,08,000 మంది చనిపోయారు. 2024లో ఆ సంఖ్య 80 వేలకు దగ్గరగా తగ్గింది. ఇలా జాలి చూపిస్తే అలుసైపోతారనే వాదన ఒకటుంది. బతికి బట్టకట్టినవాడినే కదా మనం బాధ్యత అడగగలిగేది!

అయితే వ్యసనం జబ్బు అన్నంత మాత్రాన చేసిన ప్రతి పనికీ మినహాయింపు దొరకదు. మత్తులో కారు నడిపి ఎదుటి కార్లో మనిషిని చంపితే, ఆ మనిషి ఏ మాత్రా ఎంచుకోలేదు. పడిపోయిన స్నేహితుణ్ణి గదిలో వదిలేసి పారిపోతే అది జబ్బు చేయించిన పని కాదు. అలాగని ప్రతిదానికీ గరిష్ఠ శిక్ష అడగడమూ న్యాయం కాదు. 1986 చట్టంలోనే మరో నిబంధన ఉంది. ఎవరైనా ఇచ్చిన మత్తుపదార్థం వల్ల మనిషి చనిపోతే, ఇచ్చినవాడికి కనీసం ఇరవై ఏళ్లు. లాభం కోసం అమ్మినవాడికీ, స్నేహితుడితో పంచుకున్నవాడికీ అదే కొలత పెట్టొచ్చు. ఆ మత్తుపదార్థమే లేకపోతే మనిషి బతికేవాడని ప్రభుత్వం రుజువు చేయాలని 2014లో బరేజ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పాక కొంత అడ్డు పడింది. నా కొలత ఇది: తనకు తాను చేసుకున్న హాని కంటే ఎదుటివాడికి చేసిన హాని పెద్దది, తెలిసి చేసినది అంతకంటే పెద్దది.

మన కుటుంబాలకి ఇందులో ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. పౌరసత్వం లేనివారికి మత్తుపదార్థాల కేసులో శిక్ష పడితే దేశం నుంచి పంపించేయొచ్చు. సొంత వాడకానికి 30 గ్రాముల లోపు గంజాయి ఒక్కసారి దొరకడం ఒక్కటే దీనికి మినహాయింపు. రాష్ట్రంలో గంజాయి చట్టబద్ధమైనా సరే, దాని వాడకం పౌరసత్వ దరఖాస్తుకు అడ్డం కావచ్చని 2019లో ఇమ్మిగ్రేషన్ శాఖ స్పష్టంగా చెప్పింది. వీసా మీద ఉన్న విద్యార్థి 911కి ఫోన్ చేయడానికి వెనకాడేది అందుకే. ఆపదలో ఫోన్ చేసినవారికి కొంత రక్షణ కల్పించే చట్టం 2007లో న్యూ మెక్సికోతో మొదలై ఇప్పుడు దాదాపు అన్ని రాష్ట్రాల్లోనూ ఉంది. కానీ రాష్ట్ర చట్టం ఫెడరల్ ఇమ్మిగ్రేషన్ శాఖ చేతులు కట్టేయలేదు. ఈ భయం నిజమైనదే. అయినా పిల్లలకి చెప్పాల్సిన వరస ఒకటే: ముందు ఫోన్, తర్వాత లాయరు.

మన సంఘాలు సినిమా తారల్ని రప్పించడానికి పెట్టే ఖర్చులో వెయ్యో వంతుతో ఒక నలోక్సోన్ శిక్షణ పెట్టొచ్చు. ఫెంటనిల్, హెరాయిన్ లాంటి వాటి ఓవర్‌డోస్‌కి విరుగుడుగా ముక్కులో కొట్టే ఈ మందు 2023 నుంచి ప్రిస్క్రిప్షన్ లేకుండా దొరుకుతోంది. అవి తీసుకోనివాడికి పొరపాటున ఇచ్చినా హాని చేయదు. ఇంట్లో ఒకటి ఉంచుకోండి. ‘మా ఇంట్లో అవసరం రాదు’ అంటారా? రాకపోతే సంతోషమే. పక్కింటివాళ్లకి రావచ్చు.