సంజీవయ్య కూర్చున్న కుర్చీ ఎవరిది?

ఫిబ్రవరి 14 వస్తే దామోదరం సంజీవయ్య ఫొటోకు పార్టీలన్నీ దండలు వేస్తాయి. దేశంలోనే తొలి దళిత ముఖ్యమంత్రి, నిజాయితీపరుడు, కర్నూలు జిల్లా పెదపాడు మట్టి మనిషి. ఉపన్యాసాలు అక్కడితో ఆగుతాయి. ఆయన ఆ కుర్చీలోకి ఎలా వచ్చాడు, ఎలా దిగాడు, ఆయన నడిపిన శాసనసభలో ఎవరెవరున్నారు, వాళ్లను ఎవరు ఎన్నుకున్నారు అనే సంగతులు మాత్రం వేదిక మీద వినపడవు. ఆ ఇద్దరు ముగ్గురు వక్తలకు తెలియక కాదు. చెబితే తమ పార్టీ గురించి కూడా చెప్పాల్సి వస్తుంది.

ముందు ఆ సభ సంగతి. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడినప్పుడు దాని శాసనసభ ఒకే ఎన్నికలో పుట్టింది కాదు. ఆంధ్ర ప్రాంతపు 196 మంది సభ్యులు 1955 మధ్యంతర ఎన్నికల్లో గెలిచినవాళ్లు. తెలంగాణకు 1957లో విడిగా ఎన్నికలు పెట్టి 105 మందిని కలిపారు. మొత్తం 301. ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి, స్పీకరు అయ్యదేవర కాళేశ్వరరావు. అధికారమంతా కాంగ్రెస్‌ది, కాంగ్రెస్‌లోని అసలు తగాదా భూస్వామ్య కులాల ముఠాలది.

సంజీవరెడ్డి అఖిల భారత కాంగ్రెస్ అధ్యక్షుడిగా ఢిల్లీ వెళ్లడంతో 1960 జనవరిలో కుర్చీ ఖాళీ అయింది. ఒక ముఠా నాయకుడికి ఇస్తే రెండో ముఠా ఊరుకోదు. ఎవరికీ సొంత బలగంలేని మనిషి కావాలి, రేపు లెమ్మంటే లేచే మనిషి కావాలి. అలా జనవరి 11న సంజీవయ్య ముఖ్యమంత్రి అయ్యాడన్నది ఆ కాలపు రాజకీయాలు ఎరిగినవాళ్లు చెప్పే మాట. అప్పటికి ఆయనకు ముప్పై తొమ్మిదేళ్లు కూడా నిండలేదు. అయితే సమర్థత లేక దొరికిన పదవి కాదది. 1950లో తాత్కాలిక పార్లమెంటు సభ్యుడు, 1952లో మద్రాసులో రాజాజీ మంత్రివర్గంలో మంత్రి, ఆ తర్వాత ఆంధ్ర మంత్రివర్గాల్లోనూ పనిచేసి వచ్చాడు. రెండేళ్లలోనే అవినీతి నిరోధక శాఖ పెట్టాడు, ముసలివాళ్లకు పింఛను మొదలుపెట్టాడు, బంజరు భూములు పేదలకు పంచాడు.

ఆ తర్వాత జరిగిందే అసలు పాఠం. 1962 ఫిబ్రవరిలో ఎన్నికలు జరిగాయి. సంజీవయ్య ముఖ్యమంత్రిగా ఉండగా జరిగిన ఆ ఎన్నికల్లో 300 స్థానాల్లో 177 కాంగ్రెస్‌కు వచ్చాయి. ఏ నాయకుడికైనా అంతటి మెజారిటీ వస్తే కుర్చీ ఖాయం. ఈయనకు మాత్రం మార్చి 12న పదవి పోయింది. సంజీవరెడ్డి ఢిల్లీ నుంచి తిరిగొచ్చి ముఖ్యమంత్రి అయ్యాడు. సంజీవరెడ్డి ఖాళీ చేసిన కాంగ్రెస్ అధ్యక్ష పదవికి సంజీవయ్యను పంపారు. తొలి దళిత కాంగ్రెస్ అధ్యక్షుడని దాన్నీ ఘనతగానే చెబుతారు, అది ఘనతే కూడా. కానీ ఇద్దరూ కుర్చీలు మార్చుకున్న తీరు చూస్తే, రాష్ట్రంలో కుర్చీ ఎవరిదో, దానికి కాపలా ఎవరో తెలిసిపోతుంది.

ఆ సభలోనే ఇంకొకరున్నారు. ఆమె పేరు సంజీవయ్య పేరంత తరచుగా వినపడదు. టి.ఎన్. సదాలక్ష్మి, తెలంగాణ మాదిగ బిడ్డ. 1960 నుంచి 1962 వరకు డిప్యూటీ స్పీకరు. అంటే రాయలసీమ మాల ముఖ్యమంత్రిగా, తెలంగాణ మాదిగ మహిళ సభాధ్యక్ష స్థానంలో ఉన్న రోజులు ఈ రాష్ట్రంలో నిజంగా ఉన్నాయి. సదాలక్ష్మి దేవాదాయ శాఖ మంత్రిగా కూడా చేశారు. తరతరాలుగా గుడి గడప దాటనివ్వని కులం నుంచి వచ్చిన ఆడమనిషి చేతికి గుళ్ల లెక్కలు వచ్చాయి. అది కొందరికి ఎంత కంటగింపో ఊహించుకోవచ్చు. గోగు శ్యామల రాసిన ‘నేనే బలాన్ని’ చదవనివాళ్లు వెతికి చదవాలి.

ఈ సభ్యులు గెలిచిన పద్ధతి ఇప్పటి పద్ధతి కాదు. అప్పట్లో ద్విసభ్య నియోజకవర్గాలుండేవి. 1955లో ఆంధ్రలోని 196 స్థానాలకు నియోజకవర్గాలు 167 మాత్రమే. అందులో 29 చోట్ల ఇద్దరేసి సభ్యులు, ఒక స్థానం రిజర్వుడు, రెండోది జనరల్. ఓటరుకు రెండు ఓట్లు, రెండూ ఒకరికే వేయకూడదు. లెక్కింపులో మొదట రిజర్వుడు అభ్యర్థుల్లో ఎక్కువ ఓట్లు వచ్చినవారికి రిజర్వుడు సీటు ఇచ్చి, మిగిలిన అందరిలో ఎవరికి ఎక్కువ వస్తే వారికి రెండోది ఇస్తారు. ‘అందరిలో’ అన్న మాట గుర్తుపెట్టుకోండి. మామూలుగా ఊరి ఆసామి జనరల్ సీటుకు, ఆయన వెంట తిరిగే దళిత అభ్యర్థి రిజర్వుడు సీటుకు, జోడీగా పోటీ చేసేవాళ్లు. ఖర్చు ఆసామిది కాబట్టి మాటా ఆసామిదే. లెక్క అలాగే నడిచినంత కాలం ఎవరికీ ఇబ్బంది కలగలేదు.

1957లో పార్వతీపురం లోక్‌సభ స్థానంలో ఆ లెక్క తప్పింది. అదీ ద్విసభ్య స్థానమే, ఒకటి గిరిజనులకు రిజర్వుడు. పోటీలో వి.వి. గిరి ఉన్నారు. కేంద్రంలో కార్మిక మంత్రిగా చేసినవారు, తర్వాత రాష్ట్రపతి అయినవారు. గిరిజన అభ్యర్థి బిడ్డిక సత్యనారాయణకు అందరికన్నా ఎక్కువ ఓట్లు వచ్చాయి. రెండో స్థానంలో మరో గిరిజన అభ్యర్థి డిప్పల సూరిదొర. గిరికన్నా 565 ఓట్లు ఎక్కువ. నిబంధన ప్రకారం ఇద్దరు గిరిజనులూ గెలిచారు, గిరి ఓడారు. రిజర్వుడు సీటు కోసం నిలబడిన మనిషికి జనరల్ సీటు ఎలా ఇస్తారని ఆయన కోర్టుకెక్కారు. 1959లో సుప్రీంకోర్టు ఆ వాదన కొట్టేసింది. రిజర్వేషన్ కనీస హామీయే తప్ప గిరిజనుడికి గీసిన గిరి కాదని, జనరల్ సీటు మీద అతనికీ అందరితో సమానంగా హక్కుందని ఆ తీర్పు సారం.

రెండేళ్లు తిరక్కుండా, 1961లో, పార్లమెంటు ద్విసభ్య నియోజకవర్గాలనే రద్దు చేస్తూ చట్టం చేసింది. నియోజకవర్గాలు మరీ పెద్దవిగా ఉన్నాయని, ఖర్చు ఎక్కువని కారణాలు చెప్పారు. ఆ కారణాల్లో కొంత నిజముంది. కానీ ఆ పెద్ద నియోజకవర్గాలు 1952లోనూ పెద్దవే కదా! ఒక మాజీ కేంద్ర మంత్రి ఇద్దరు గిరిజనుల చేతిలో ఓడాకే వాటి పెద్దతనం కొట్టొచ్చినట్టు కనపడటం ఎవరినైనా ఆలోచింపజేయాలి. పాత పద్ధతిని నేను మెచ్చుకోవడం లేదు. అందులో దళిత సభ్యుడు జోడీదారుడి నీడలోనే బతికాడు. అయితే ఆ తలుపు సందులోంచి రిజర్వుడు అభ్యర్థి జనరల్ సీటులోకి కూడా నడిచి వెళ్లగలిగాడు, నిలబడిన చోటు మార్చుకోకుండానే. 1962 నుంచి ఆ సందు మూసుకుపోయింది.

అప్పటి నుంచి రిజర్వుడు నియోజకవర్గంలో పోటీ దళితుల మధ్యే, తీర్పు మాత్రం దళితేతర ఓట్లది. 1932 పూనా ఒప్పందం నాడు అంబేద్కర్ భయపడింది సరిగ్గా దీనికే. 1967లో ఎల్లారెడ్డిలో ఇద్దరు దళిత మహిళలు తలపడ్డారు. కాంగ్రెస్ నుంచి సదాలక్ష్మి, రిపబ్లికన్ పార్టీ నుంచి జె. ఈశ్వరీబాయి. ఈశ్వరీబాయి గెలిచి సభలో ఎంత గట్టిగా మాట్లాడారో అందరికీ తెలుసు. కానీ ఆ ఇద్దరూ ఒకే సభలో పక్కపక్కన కూర్చుంటే ఎలా ఉండేది? ఒక సీటులో ఇద్దరికి చోటు లేదు, పక్కనున్న జనరల్ సీటు వాళ్లకు ఎవరూ ఇవ్వరు.

సభాపతి కుర్చీ కథా ఇంతే. 1953 దాకా మన ఆంధ్ర ప్రతినిధులు మద్రాసు శాసనసభలో జె. శివషణ్ముగం పిళ్లై అనే దళిత స్పీకరు ముందు చేయెత్తి అనుమతి అడిగి మాట్లాడినవాళ్లే. సొంత రాష్ట్రం తెచ్చుకున్నాక దళిత స్పీకరును చూడటానికి 1999లో కావలి ప్రతిభా భారతి వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది. తెలంగాణలో 2023 డిసెంబరులో వికారాబాద్ ఎమ్మెల్యే గడ్డం ప్రసాద్ కుమార్ స్పీకరు అయ్యారు. స్పీకరు కుర్చీ గౌరవమైనదే. కానీ అందులో కూర్చున్నవాళ్లు సభలో తమ జనం తరఫున మాట్లాడలేరు.

ముఖ్యమంత్రి కుర్చీ మాత్రం 1962 తర్వాత మళ్లీ ఏ దళితుడికీ దక్కలేదు, రాష్ట్రం రెండయ్యాక కూడా. తెలంగాణ వస్తే దళితుడే తొలి ముఖ్యమంత్రి అన్న కేసీఆర్, 2014 జూన్ 2న తానే ప్రమాణం చేశారు. ఉప ముఖ్యమంత్రిగా పెట్టుకున్న రాజయ్యను ఎనిమిది నెలలు నిండకముందే తీసేశారు. కోనేరు రంగారావు నుంచి భట్టి విక్రమార్క దాకా మనకు ఉప ముఖ్యమంత్రులకు కొదవలేదు. పెద్దమనుషుల ఒప్పందం ప్రకారం తెలంగాణకు ఇవ్వాల్సిన ఆ పదవిని 1956లో సంజీవరెడ్డి చేతికి ఆరో వేలు అన్నాడు. ఆ ఆరో వేలే తర్వాత దళితుల వాటాగా స్థిరపడింది!

ఇదంతా ఇప్పుడెందుకంటే, నియోజకవర్గాల గీతలు మళ్లీ మారబోతున్నాయి. 2014 పునర్విభజన చట్టం ఆంధ్రప్రదేశ్ సభను 175 నుంచి 225కు, తెలంగాణ సభను 119 నుంచి 153కు పెంచాలంటుంది. ఇప్పుడు ఎస్సీ స్థానాలు అక్కడ 29, ఇక్కడ 19. సీట్లు పెరిగితే జనాభా లెక్కన ఇవీ పెరుగుతాయి, అంతవరకు పార్టీలు కూడా అభ్యంతరం చెప్పవు. గీత ఏ ఊరి మీదుగా పోతుంది, ఏ వాడ ఏ నియోజకవర్గంలో కలుస్తుంది, దళితులు ఎక్కువగా ఉన్న మండలాలు ముక్కలై పక్క జనరల్ స్థానాల్లో కలిసిపోతాయా అన్నవి ముసాయిదా పటం బయటికొచ్చిన కొద్ది వారాల్లోనే తేలిపోతాయి. దళితుల్లో అత్యధికులు నివసించేది జనరల్ నియోజకవర్గాల్లోనే. ఆ స్థానాల్లో ఎంతమంది దళితులకు టికెట్ ఇస్తారో పార్టీలను ఇప్పుడే, ఎన్నికలకు ముందే, రాతపూర్వకంగా అడగాలి. జనగణన పత్రాలు, మండలాల వారీ జనాభా లెక్కలు, పాత పటాలు పట్టుకుని అభ్యంతరాలు రాయగలిగిన విద్యార్థులు ప్రతి జిల్లాలో నలుగురైనా ఇప్పటి నుంచే తయారవ్వాలి.