పది నెలలు నిండని ఒప్పందం

పటాన్‌చెరు ఫ్యాక్టరీలనూ సంగారెడ్డి చౌరస్తానూ కలుపుతూ సాగే ముంబై హైవే మీద రాత్రింబవళ్లు లారీల రొదే. 1948 సెప్టెంబరులో భారత సైన్యం ప్రధాన దళం సోలాపూర్ నుంచి ఈ దారినే హైదరాబాద్‌కు వచ్చింది. ఏడాది నిలవాల్సిన ఓ ఒప్పందం పది నెలలు కూడా నిలవలేదు మరి!

ఇటు భారత్‌లోనూ అటు పాకిస్థాన్‌లోనూ చేరబోనన్నారు నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్. చివరికి 1947 నవంబరు 29న భారత్‌తో యథాతథ ఒప్పందం కుదిరింది. బ్రిటిష్ హయాం నాటి ఏర్పాట్లే ఏడాదిపాటు కొనసాగాలన్నది దాని సారాంశం. అంతలోనే పేచీలు. పాకిస్థాన్‌కు 20 కోట్ల రూపాయల అప్పిచ్చారని ఢిల్లీ ఆరోపణ. సరుకులు రానివ్వట్లేదని హైదరాబాద్ ఫిర్యాదు. ఊళ్లలో రజాకార్ల ఆగడాలు. నిజాం ఐక్యరాజ్యసమితి తలుపు తట్టినా ఫలితం లేకపోయింది. సెప్టెంబరు 13న మొదలైన సైనిక చర్య 17న ముగిసింది.

ఎటూ చేరకుండా ఉండటం అసాధ్యమా? ఆస్ట్రియానే చూడండి. వైశాల్యంలో హైదరాబాద్ సంస్థానంలో సగం కూడా ఉండదు. దానిలాగే సముద్రతీరం లేదు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత పదేళ్లు నాలుగు దేశాల సైన్యాలు అక్కడే తిష్ఠ వేశాయి. 1955 మే 15న ఆ నాలుగు దేశాలతో స్వాతంత్య్ర ఒప్పందం కుదిరింది. సైన్యాలు వెళ్లిపోయాక, అక్టోబరు 26న, శాశ్వత తటస్థతకు పార్లమెంటు చట్టం చేసింది. అది నేటికీ అమల్లో ఉంది.

తేడా ఎక్కడ? అక్కడ నిర్ణయం జనం ఎన్నుకున్న పార్లమెంటుది. ఇక్కడ ప్రభువు ఒక్కడిది. భారత్‌లో కలవాలంటూ ఉద్యమం నడిపిన స్వామి రామానందతీర్థకు దక్కింది జైలే. జనాన్ని అడగని ఒప్పందానికి ఆయుష్షు ఎంతని?