సూర్యోదయం కోసం చీకటి ప్రయాణం

గండికోటకు బైకు యాత్రలు.. ఏర్పాట్లలో లోపమే ప్రాణాలకు ముప్పు

జమ్మలమడుగు: ఎర్రమల కొండలను నిలువునా కోసుకుంటూ పెన్నా నది మలచిన లోయ గండికోట. సుమారు 300 అడుగుల లోతున పారే నీరు, ఇరువైపులా గోడలు కట్టినట్లు నిలిచిన ఎర్రని బండలు, చుట్టూ ఎడారిని తలపించే మెట్ట నేల.. భారతదేశపు గ్రాండ్‌ కాన్యన్‌గా పేరొందిన ఈ ప్రదేశానికి హైదరాబాద్‌, బెంగళూరు నగరాల యువత బైకులపై తరలివస్తోంది. కొండ అంచున కూర్చుని సూర్యోదయాన్ని తిలకించడమే వీరిలో చాలామంది లక్ష్యం. చిక్కంతా అక్కడే ఉంది.

హైదరాబాద్‌ నుంచి గండికోట సుమారు 400 కి.మీ., బెంగళూరు నుంచి సుమారు 280 కి.మీ. గంటకు సగటున 50 కి.మీ. వేగంతో లెక్కించినా హైదరాబాద్‌ నుంచి 8 గంటల ప్రయాణం. టీకి, పెట్రోలుకు ఆగే సమయం దీనికి అదనం. ఉదయం 6 గంటలకల్లా లోయ వద్ద ఉండాలంటే రాత్రి 8 గంటలకో, 9 గంటలకో బయలుదేరక తప్పదు. శుక్రవారం పగలంతా కార్యాలయంలో పనిచేసిన వ్యక్తి రాత్రంతా బండి నడుపుతున్నాడన్నమాట. నిద్ర ముంచుకొచ్చే తెల్లవారుజామున, కొత్త దారిలో, అలసిన కళ్లతో చివరి వంద కిలోమీటర్లు దాటాల్సి వస్తోంది.

ప్రమాదం ఆ చివరి దారిలోనే

కర్నూలు వరకు నాలుగు వరుసల జాతీయ రహదారి. అక్కడి నుంచి బనగానపల్లె, కోవెలకుంట్ల మీదుగా జమ్మలమడుగు వచ్చే దారి తీరు వేరు. ఇది నాపరాళ్ల గనులు, సిమెంటు కర్మాగారాలు ఉన్న ప్రాంతం. బరువు లారీలు రాత్రింబవళ్లు తిరుగుతాయి. చెడిపోయిన లారీ చుట్టూ పేర్చిన రాళ్లు, పంట కాలంలో రోడ్డుపైనే ఆరబోసిన ధాన్యం, ఊరి మొగలో పడుకున్న గేదెలు పగటిపూట దూరం నుంచే కనిపిస్తాయి. రాత్రివేళ హెడ్‌లైటు వెలుగులో అవి కంటపడేసరికే బ్రేకు వేసే వ్యవధి మిగలదు. స్థానికులకు ఇది కొత్త సంగతి కాదు. తెలియనిది నగరం నుంచి వచ్చేవారికే.

దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది మరణించారని కేంద్ర రవాణా శాఖ ప్రకటించింది. వారిలో 44 శాతానికి పైగా ద్విచక్ర వాహనాలపై వెళ్తున్నవారే. రోడ్డు ప్రమాద బాధితులకు ఏడు రోజుల వరకు రూ.1.5 లక్షల మేర నగదు రహిత చికిత్స అందించే పథకాన్ని కేంద్రం 2025 మేలో అమల్లోకి తెచ్చింది. మంచిదే. అయితే గాయపడిన వ్యక్తి సకాలంలో ఆస్పత్రికి చేరితేనే దాని ఫలం అందుతుంది. గండికోట నుంచి కడపలోని రిమ్స్‌కు దాదాపు 85 కి.మీ.

ఒక్క రాత్రి బస.. లాభం ఇరువురికీ

పరిష్కారం కష్టమేమీ కాదు. సూర్యోదయానికి ముందు రాత్రి ప్రయాణం మాని, బస చేయాలి. తెల్లవారుజామున 5 గంటలకు హైదరాబాద్‌ విడిచినవారు కర్నూలులో అల్పాహారం ముగించుకుని మధ్యాహ్నానికి బెలుం గుహలకు చేరవచ్చు. 3,229 మీటర్ల పొడవైన ఆ గుహల్లో కొంత సమయం గడిపినా పొద్దు గుంకేలోగా గండికోట చేరుకుంటారు. అనంతపురం మీదుగా వచ్చే బెంగళూరు వాసులకు తాడిపత్రి ఆలయాలు దారిలోనే ఉన్నాయి. రాత్రి నిద్రపోయి, ఉదయం లోయను, కోటలోని మాధవరాయ, రంగనాథ ఆలయాలను, జామియా మసీదును, ధాన్యాగారాన్ని తీరిగ్గా చూసి 10 గంటలకు తిరుగు ప్రయాణమైతే దాదాపు దారంతా పగటి వెలుగులోనే సాగుతుంది.

రాత్రి బసతో స్థానికులకూ మేలే. తెల్లవారుజామున వచ్చి, ఫొటోలు తీసుకుని, ఎండెక్కక ముందే వెళ్లిపోయేవారి వల్ల ఇక్కడ మిగిలేది టీ కొట్టు బేరమే. అదే రాత్రి ఉండేవారైతే భోజనం, గది, గైడు, మెకానిక్‌.. ఇలా నలుగురికీ పని దొరుకుతుంది.

గదులు పెరగాలి

అయితే బస చేయమని చెబితే సరిపోదు, చోటు చూపాలి. పర్యాటకాభివృద్ధి సంస్థ హరిత హోటల్‌, గుడారాలు ఉన్నా వారాంతపు రద్దీకి గదులు దొరకడమే గగనం. గండికోట అభివృద్ధికి 2024లో రూ.77.91 కోట్లు మంజూరయ్యాయి. రాష్ట్రాలకు కేంద్రం 50 ఏళ్ల గడువుతో వడ్డీ లేకుండా ఇచ్చే ప్రత్యేక సాయం కింద వచ్చిన నిధులివి. ఈ మొత్తంలో ఆకర్షణలకు ఎంత, యువత భరించగల ధరలో వసతికి ఎంత అన్నదే అసలు ప్రశ్న. సామాన్యుడికి అందుబాటులో వందల పడకల వసతి గృహం, బండ్లు నిలిపే చోటు ఉంటే రాత్రి ప్రయాణాలు వాటంతట అవే తగ్గుతాయి. జమ్మలమడుగు దారిలో రేడియం సూచికలు, లోయ అంచున హెచ్చరిక గీతలు, తాగునీరు, ప్రథమ చికిత్స కేంద్రం పెద్ద ఖర్చుతో కూడినవి కావు.

యాత్రికులూ తమ బాధ్యత మరువరాదు. అక్టోబరు నుంచి ఫిబ్రవరి వరకు అనుకూల కాలం. ఏప్రిల్‌, మే నెలల్లో ఇక్కడి బండలు నిప్పులు కక్కుతాయి. నీడ కరవు. తలా మూడు, నాలుగు లీటర్ల నీరు వెంట ఉండాలి. జమ్మలమడుగులోనే ట్యాంకు నింపుకోవాలి. వెనుక కూర్చున్నవారికీ హెల్మెట్‌ తప్పనిసరి. వాన పడిన బండలపై, లోయ అంచున స్వీయచిత్రాల సాహసం వద్దు. నీటిమట్టం పెరిగే మైలవరం జలాశయం వెనుక జలాల్లో ఈతకు దిగరాదు.

పెన్నా ఈ లోయను తొలచడానికి యుగాలు పట్టింది. దాన్ని చూడటానికి ఒక్క రాత్రి ఆగితే పోయేదేమీ లేదు. ఆ రాత్రికి తలదాచుకునే చోటు చూపే బాధ్యత పర్యాటక శాఖది.