‘నిర్లక్ష్యం’ అన్న మాట వెనక్కి తీసుకోండి: మన హెల్త్ క్యాంపు గురించి

పోస్టు కాస్త పొడుగే. పూర్తిగా చదివాకే తిట్టండి.

మొన్న మీటింగులో ఉచిత హెల్త్ క్యాంపు లెక్కలు చదివారు. బీపీ ఎక్కువుందని చీటీ రాసిచ్చినవాళ్లలో మళ్లీ డాక్టర్ దగ్గరికి వెళ్లినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. "మనవాళ్లకు నిర్లక్ష్యం ఎక్కువ, మనమేం చేస్తాం" అన్నారు ఒక పెద్దాయన. అందరూ తలూపారు. వచ్చేసారి ఇంకా పెద్ద ఫ్లెక్సీ కట్టాలని తీర్మానం కూడా అయిపోయింది. ఎందుకు వెళ్లలేదో వాళ్లనే అడుగుదాం, ఒక సైకాలజిస్టుని కూడా పిలుద్దాం అని నేనంటే, "మనవాళ్లకేమైనా పిచ్చా?" అని నవ్వారు. ఆ నవ్వుకే ఈ జవాబు.

1950ల్లో అమెరికాలో ఇదే జరిగింది. టీబీ పరీక్షకు ప్రభుత్వం ఎక్స్‌రే వ్యాన్లను జనం ఉన్నచోటికే పంపింది. పైసా ఖర్చు లేదు. అయినా అనుకున్నంతమంది రాలేదు. అక్కడివాళ్లూ నిర్లక్ష్యం అని దులిపేసుకోవచ్చు. కానీ ప్రజారోగ్య శాఖలో పనిచేసే గాడ్‌ఫ్రే హాక్‌బామ్ అనే మనస్తత్వవేత్త జనాన్నే అడిగి చూశాడు. నాకూ టీబీ రావచ్చు, ఏ బాధా లేకపోయినా లోపల ఉండొచ్చు, ముందే తెలిస్తే మేలు అని నమ్మినవాళ్లలో 82 శాతం మంది తమంతట తామే ఎక్స్‌రే తీయించుకున్నారు. ఈ నమ్మకాలేవీ లేనివాళ్లలో 21 శాతమే. ఆయనా, ఆయన తోటివాళ్లూ దీన్నుంచే ‘ఆరోగ్య విశ్వాస నమూనా’ కట్టారు. నాకు వస్తుందా? వస్తే ఎంత ప్రమాదం? చూపించుకుంటే లాభమేంటి? వెళ్లడానికి అడ్డమేంటి? మనిషి మనసులో నడిచే లెక్క ఇదీ. మన ఫ్లెక్సీ వీటిలో రెండోదాని గురించే మాట్లాడుతుంది, అదీ గుండె బొమ్మ వేసి బెదిరిస్తూ.

అడ్డం సంగతే చూడండి. 1985లో మొదటి యూనిట్ నడిచినప్పటి నుంచి ఈ ఊరు షిఫ్టుల మీదే బతుకుతోంది. నైట్ షిఫ్ట్ దిగి పడుకున్న మనిషిని పొద్దున పదింటికి క్యాంపుకు రమ్మంటాం. రిటైరైనవాళ్లం మాత్రం రెండు చేతులకూ బీపీ చూపించుకుని, టిఫిన్ తిని, ఫోటో దిగి వస్తాం.

ఇప్పుడు మా బావ సంగతి. కాంట్రాక్టు పని, ఎత్తు మీద పని. మూడు క్యాంపుల్లో బీపీ ఎక్కువని చీటీ ఇచ్చారు. మూడుసార్లూ చొక్కా జేబులో దాచుకున్నాడు, ఇంట్లో చెప్పలేదు. బీపీ ఉందని తెలిస్తే పైకి ఎక్కనివ్వరని, పని పోతుందని భయం. బిళ్లలు కొంటే ఎవరైనా చూస్తారేమోనని అదో భయం. పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయాకే మాకు తెలిసింది. ఆయనది నిర్లక్ష్యమా? ప్రతిరోజూ లెక్క వేసుకుని మరీ బతికాడు. ఆ లెక్క తప్పని చెప్పడానికి, లేదా ఆ భయం తీసేయడానికి, ఆయన పక్కన ఎవరూ కూర్చోలేదు. నేనూ కూర్చోలేదు.

మన చరకుడే ప్రజ్ఞాపరాధం రోగానికి కారణమన్నాడు కదా, తప్పు రోగిదే కదా అని ఒకాయన వాట్సాప్‌లో పెట్టారు. అయ్యా, చరకుడు వైద్యులకు చెప్పింది ఇంకా చాలా ఉంది, కాలం, దేశం, ఆహారం చూడమన్నాడు. రోగిని తిట్టి పంపమనలేదు. 1977లో జార్జ్ ఎంగెల్ అనే అమెరికా డాక్టరు ‘సైన్స్’ పత్రికలో రాసిందీ ఇలాంటిదే: శరీరాన్ని ఒక్కదాన్నే చూస్తే సరిపోదు, మనసునూ, మనిషి బతికే పరిస్థితులనూ కలిపి చూడాలని. ఆ మరుసటి ఏడే అక్కడి మనస్తత్వవేత్తల సంఘంలో ఆరోగ్య మనస్తత్వశాస్త్రానికి వేరే విభాగం వచ్చింది. "టెన్షన్ పడకండి" అని సలహా ఇచ్చే శాస్త్రం కాదండీ అది. పని పోతుందేమోనన్న మనిషికి టెన్షన్ పడొద్దని చెప్పడం కన్నా ఎగతాళి ఉండదు.

ఇదంతా అమెరికా గొడవ అంటారా? పక్కనున్న బళ్లారిలోనే 1980ల్లో నిమ్హాన్స్ వాళ్లు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకూ సిబ్బందికీ శిక్షణ ఇచ్చి మానసిక వైద్యాన్ని పల్లెలకు తీసుకెళ్లారు. 1996లో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి అదే నమూనా. బళ్లారికి పనికొచ్చింది శక్తినగర్‌కు పనికిరాదా?

కమిటీని నేను అడిగేది ఇదీ. ఫ్లెక్సీ డబ్బులు ఆపండి. క్యాంపు సాయంత్రం పెట్టండి, షిఫ్టు మారే వేళకు. బీపీ ఎక్కువున్నవాళ్లను పక్కకు కూర్చోబెట్టి, పేరు బయటికి రాదని మాటిచ్చి, పైన చెప్పిన నాలుగు ప్రశ్నలూ అడగండి. పదిహేను రోజులకు ఒకసారి ఫోన్ చేసి, తిట్టకుండా, "బిళ్ల ఎందుకు ఆపారు?" అని కనుక్కోండి. ఫోన్లు చేసే పని నేను తీసుకుంటా. ఎవరికైనా మనసు మరీ బరువుగా ఉంటే 14416 టెలిమానస్ ఉంది, ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు.

పెద్దాయనా, మీ మీద గౌరవం తగ్గలేదు. వచ్చే మీటింగుకు మా బావ కూడా వస్తానన్నాడు. ఆ మాట ఆయన ముందు ఇంకోసారి అనండి. హాజరు రిజిస్టరు మాత్రం కాస్త దగ్గరికి జరపండి, ఎడంచేత్తో సంతకం పెట్టాలి.